చెడిందా, ఏర్పడలేదా?

సందేహం: "జీబ్రాఫిష్‌లో ఐఎఫ్‌టీ172 జన్యువుకు ఉత్పరివర్తనం వస్తే అస్థిపంజరం, మూత్రపిండాలు చెడిపోతాయి" అని ఒక వ్యాసంలో చదివాను. ఇంకా ఎదుగుతున్న పిల్లచేప అవయవాన్ని "చెడిపోయింది" అనవచ్చునా? "ఏర్పడలేదు" అనాలా?

సమాధానం: మీ అనుమానం సగం నిజం. చెడు అచ్చంగా మన ధాతువు. తమిళ కన్నడాల్లో కెడు. ఎ, ఇల ముందు కకారం మన దగ్గర చకారమవుతుంది. కన్నడ కివి మనకు చెవి అయినట్టే. చెఱుచు దీని ప్రేరణ రూపం, చేటు నామవాచకం. "చెరపకురా చెడేవు" అన్న సామెతలో చెరిపేవాడూ చెడేవాడూ ఇద్దరూ ఉన్నారు. "చెడి బతకవచ్చు గానీ బతికి చెడకూడదు" అన్నదాన్ని ఇంకాస్త నిదానంగా చదవండి. చెడాలంటే ముందొక మంచి స్థితి ఉండాలి. లేనిది చెడదు. ఇంత పదునైన క్రియ చేతిలో ఉండగా ఇప్పటివాళ్ళు ప్రతిదానికీ "డ్యామేజ్ అయింది" అని రాసేయడం బాధాకరం.

ఇక చేప సంగతి. ఈ జన్యువు కణాల మీద సన్నని వెంట్రుకల్లా ఉండే శైలికల నిర్మాణానికి కావాలి. పిల్లచేప తొలి మూత్రపిండమంటే రెండు సన్నని నాళాలు, నడుమ వాటిని కలిపే ఒక్క రక్తకేశనాళికల గుత్తి, అంతే. (ముద్దలాంటి పిండమేమీ లేదు గనుక ఈ దశకు మూత్రపిండం కన్నా వృక్కం అన్న మాటే నప్పుతుంది.) 28.5 డిగ్రీల నీటిలో సుమారు 48 గంటలకు వడపోత మొదలవుతుంది. నాళంలోని శైలికలు కొట్టుకుంటూ ద్రవాన్ని తోకవైపు తోస్తాయి. జన్యువు రెండు ప్రతులూ పనిచేయని పిల్లలో నాళం మొదట మామూలుగానే ఏర్పడుతుంది. తర్వాత తోసేవి లేక ద్రవం నిలిచి, గుత్తి దగ్గర తిత్తిలా ఉబ్బుతుంది. కనుక వృక్కం "చెడింది" అంటే అక్షరాలా ఒప్పు.

అస్థిపంజరంలో భాగమైన దవడ మృదులాస్థి (ఎముకకన్నా మెత్తనిది) అలా కాదు. దానికి అందే సంకేతాల్లో కొన్ని శైలికల ద్వారానే వస్తాయి. అవి కుంటుపడితే మొదటినుంచే ఆకారం తప్పుతుంది. అక్కడ "సరిగా ఏర్పడలేదు" అనాలి. అయితే "ఎముక ఏర్పడలేదు" అని తేల్చేముందు ఒక జాగ్రత్త. అయిదారు రోజుల పిల్లల్లో ఆల్షియన్ బ్లూ అనే రంగుతో మృదులాస్థి నీలంగా, అలిజరిన్ రెడ్ అనే రంగుతో ఎముక ఎర్రగా కనిపిస్తాయి. నీలిరంగును ఆమ్లంలో కలిపితే లేత ఎముకలోని కాల్షియం కరిగిపోయి, ఉన్న ఎముకకూ ఎరుపు పట్టదు. ఆమ్లం మానేసి మెగ్నీషియం క్లోరైడ్ వాడాలి. లోపంలేని తోబుట్టువులకు అదే పాత్రలో ఎరుపు పట్టిందో లేదో చూడాలి. వాటికి పట్టి వీటికి పట్టకపోయినా, రెండు రోజులు ఆగి చూస్తే అది "ఏర్పడలేదు" కాక "ఆలస్యమైంది" కావచ్చు.

రెంటినీ ఒకే క్రియతో ముడిపెట్టక తప్పదంటే "వైకల్యం వచ్చింది" అనవచ్చు. వికలమంటే ఏదో లోపించినది గనుక ఉబ్బిన తిత్తికి అది పూర్తిగా అతకదు. అయినా, వ్యాసకర్త రాసిన "చెడిపోతాయి" కన్నా నయమనే అనుకుంటాను.