ఐదు గిన్నెల సెట్టు వద్దు, రెండు చాలు

చి.ల.సౌ. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోన్లో పంపిన గాజు గిన్నెల సెట్టు చూశాను. ఒకదాంట్లో ఒకటి ఇమిడే ఐదు గిన్నెలు, రంగురంగుల మూతలు, సగం ధరకే ఆఫర్. స్టీలువన్నీ అటకెక్కించి ఇక ఇవే వాడుకుంటానంటున్నావు. రెండు కొనుక్కో, ఐదు వద్దు అంటాను నేను. స్టీలు గిన్నెలు మాత్రం ఎక్కడివక్కడే ఉండనీ. ఆర్డర్ల మీద పిండివంటలు చేసేదాన్ని, రెండు రకాలూ మా వంటింట్లో రోజూ తిరుగుతాయి. అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

గాజులో నాకు బాగా నచ్చేది లోపల ఏం జరుగుతుందో కనబడడం. దోశ పిండి పోశాక, పిండి ఎంత ఎత్తున ఉందో అక్కడ గిన్నెకు బయటినుంచి ఒక రబ్బరు బ్యాండు వెయ్యి. మూత తియ్యకుండానే ఎంత పొంగిందో తెలిసిపోతుంది. పక్కనుంచి చూస్తే పిండంతా జల్లెడ కన్నాల్లా బుడగలు పట్టి ఉంటుంది. మే నెలలో మన దగ్గర పిండి తెల్లారేదాకా ఆగదు, అర్ధరాత్రికే పులిసి కూర్చుంటుంది. బ్యాండు దాటి సగం పైకి వచ్చిందా, తీసి ఫ్రిజ్‌లో పెట్టేసి పడుకోవచ్చు. నీ కేకు పిండి సంగతీ అంతే. బాగా కలిపాననుకుంటావు, గిన్నె ఎత్తి అడుగు చూస్తే ఓ మూల పొడి మైదా తెల్లగా అంటుకొని ఉంటుంది. స్టీలు గిన్నె అయితే అది కేకు కోసినప్పుడు గానీ బయటపడదు.

రెండోది పులుపు. చింతపండు రసం, నిమ్మరసం, పుల్లపెరుగు వంటివి అల్యూమినియం గంజులో నిలవ ఉంచితే ఆ లోహం కొంత అందులోకి దిగుతుంది, రుచి మారుతుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నె సంగతి చెప్పక్కర్లేదు. స్టీలు పులుపుకు తట్టుకుంటుంది గానీ, ఉప్పు పట్టించిన తొక్కు రోజుల తరబడి అందులోనే ఉంటే అడుగున సూది మొనలంత గుంటలు పడతాయి. గాజుకు ఈ బాధ ఏదీ లేదు. పచ్చిపులుసు కలిపి ఉంచినా, మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి రాత్రంతా వదిలేసినా అది అట్లాగే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాకు పసుపు పట్టిందంటే ఇక ఆ డబ్బా పసుపుదే. అల్లంవెల్లుల్లి పెట్టిన డబ్బాలో తర్వాత పెరుగు తోడేసి చూడు, నేను చెప్పేదేమిటో అర్థమవుతుంది.

ఇక కొనేటప్పుడు. ఫోటో చూసి కొనకు, వీలైతే దుకాణానికి పో. ఇక్కడ నల్లగొండలో అయితే నేను ప్రకాశం బజారుకు వెళ్లి చేత్తో పట్టుకొని చూసిగానీ తీసుకోను. అడుగున గానీ డబ్బా మీద గానీ ఏమని రాసుందో చదువు. బోరోసిలికేట్ అని ఉంటే వేడికీ చలికీ బాగా ఓర్చుకునే గాజు. మీ పెద్దనాన్న కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి కదా, ల్యాబులో బీకర్లు దీంతోనే చేస్తారని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్తాడు. మామూలు గాజుతో పోలిస్తే వేడికి ఇది దాదాపు మూడోవంతే సాగుతుందట. గ్లాసులో వేడి నీళ్లు పోస్తే పగిలేదెందుకు? లోపలి వైపు వేడెక్కి సాగుతుంది, బయటి వైపు ఇంకా చల్లగానే ఉంటుంది, ఆ రెంటి గుంజులాటకు పటుక్కుమంటుంది. తక్కువ సాగే గాజులో ఆ గుంజులాట తక్కువ. 1915లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవాళ్లు పైరెక్స్ పేరుతో ఓవెన్‌లో పెట్టే గిన్నెలు అమ్మకానికి తెచ్చింది ఈ గాజుతోనే.

డబ్బా మీద టెంపర్డ్ అని ఉంటే అది వేరే రకం. మామూలు గాజునే కాల్చి, గాలితో గబుక్కున చల్లార్చి గట్టిపరుస్తారు. చిన్న చిన్న దెబ్బలకు ఓర్చుకుంటుంది గానీ, అంచు చిట్లినా లోతుగా గీత పడినా ఎప్పుడో ఒకరోజు చెప్పాపెట్టకుండా ముక్కముక్కలైపోతుంది. ఏమీ రాసి లేదంటే అది పండ్లు పెట్టుకోవడానికే, వేడి దరిదాపులకు తీసుకుపోకు. అంచు చుట్టూ వేలితో నిమిరి చూడు, ఎక్కడా గరుకు తగలొద్దు. మైక్రోవేవ్ బొమ్మ ఉందని మూత కూడా లోపల పెట్టేవు, ఆ బొమ్మ చాలాసార్లు గిన్నెకు మాత్రమే.

సైజు విషయంలో ఒక రెండు లీటర్లది, ఒక లీటరుది తీసుకో. అంతకన్నా పెద్దది మోయలేవు. రెండు లీటర్ల గిన్నె ఖాళీదే కిలోకి అటూఇటూ తూగుతుంది, నిండా పిండి పోస్తే మూడు కిలోలు. నూనె చేత్తో దాన్ని ఫ్రిజ్ పై అరలోంచి దించడం ఎంత టెన్షనో ఊహించుకో. అందుకే అది ఎప్పుడూ కింది అరలోనే ఉండాలి.

గాజుకు అసలు పనికిరాని పనులు మన వంటింట్లోనే ఎక్కువ. జొన్నపిండిలో మసిలే నీళ్లు పోసి కలుపుతాం, తర్వాత అరచేతి మడమతో ఒత్తి ఒత్తి మెదుపుతాం. చల్లగా ఉన్న గాజులో మసిలే నీళ్లు పోయడం ఒక ప్రమాదం, నున్నటి గ్రానైట్ మీద ఆ ఒత్తుడుకు గిన్నె జారిపోవడం ఇంకో ప్రమాదం. రొట్టె పిండికి తాంబాలమే మేలు. సకినాల పిండి కిలోల లెక్కన కలుపుతాం, దానికి పెద్ద బేసిన్ కావాలి. పులిహోర కూడా లోతు గిన్నెలో కలిపితే మెతుకు నలిగిపోతుంది. సంక్రాంతికీ బతుకమ్మ సద్దులకూ గాజు గిన్నె ముట్టుకోవలసిన అవసరమే రాదు, నిజానికి.

గాజులో నానేవి, పులిసేవి, ఊరేవి పెట్టు. గుడ్లు గిలకొట్టు, సలాడ్లు కలుపు. చాక్లెట్ కరిగించడానికి వేడి నీళ్ల మీద పెడతారంటావే, దానికి మాత్రం స్టీలే వాడు. గాజు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది. దించిన తర్వాత కూడా ఆ వేడికి చాక్లెట్ ముద్దకడుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నె బోరోసిలికేటే అయినా వెంటనే మైక్రోవేవ్‌లోకి తొయ్యకు, కాసేపు బయట ఉండనీ. వేడి గిన్నెను తడి గ్రానైట్ మీద పెట్టకు, మడత పెట్టిన పొడి గుడ్డ వేసి దాని మీద పెట్టు. గ్యాస్ మంట మీద ఏ గాజు గిన్నే పెట్టొద్దు, ఇందులో వాదన లేదు.

బోరు నీళ్లతో కడిగితే గాజు మీద తెల్లటి మరకలు కడతాయి. అవి చూసి మీ అత్తమ్మ ఫ్లోరైడ్ అని భయపడుతున్నారన్నావు. ఆ మరకలు నీళ్లలో ఉండే సున్నపు లవణాలవి. ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ లేదు, మరకను బట్టి అది ఉందో లేదో చెప్పలేం. నీళ్లు టెస్టు చేయిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో చెప్తారు. నల్లగొండ జిల్లాలో పుట్టినదాన్ని, ఈ భయం నాకు తెలియంది కాదు. కానీ ఆ నింద గిన్నె మీద వెయ్యొద్దు. మరకకు సగం నిమ్మచెక్కతో రుద్ది, పది నిమిషాలు వదిలి కడిగేస్తే చాలు. నకిరేకల్ నిమ్మ మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న మాకు నిమ్మకాయలకు కరువు లేదు, వచ్చేటప్పుడు సంచి నింపి తెస్తాను. ఇనుప పీచుతో మాత్రం రుద్దకు. చెంచాలూ మిక్సీ బీటర్లూ గీకిన బూడిద రంగు గీతలు వంటసోడా ముద్దతో చాలామటుకు పోతాయి.

సింకులో కుక్కర్, గంటెల మధ్య గాజు గిన్నె వెయ్యకు. పని చేసే అమ్మకు ఇవ్వకుండా నువ్వే కడిగి పెట్టేసుకో. వస్తువు నాజూకుది కొనుక్కున్నది మనం, ఆమె ఎప్పుడూ బిక్కుబిక్కుమంటూ పని చెయ్యడం ఎందుకు? ఒకవేళ ఆమె చేతిలో పగిలినా జీతంలో కొయ్యకు.

ఒకదాంట్లో ఒకటి పెట్టేటప్పుడు మధ్యలో పాత నూలు గుడ్డ వెయ్యి. అయినా ఇరుక్కుంటే లాగకు. పై గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, కింది గిన్నెను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే అదే వదులవుతుంది. మరీ వేడి నీళ్లు పెట్టావో, రెండూ పోతాయి.

ఎప్పుడో ఒకటి పగలక మానదు. అప్పుడు ముందు చంటిదాన్ని ఎత్తుకొని ఇవతలికి రా, చెప్పులు వేసుకొని మళ్లీ వెళ్లు. పెద్ద ముక్కలు చీపురుతో తోసి, సన్నవి తడిపిన పేపరు అద్ది తియ్యి. దగ్గర్లో మూత లేకుండా ఉన్న పిండి గానీ కూర గానీ ఎంత ఖరీదైనదైనా పారబొయ్యి, వడకట్టి వాడదామని చూడకు. ముక్కలు అట్టపెట్టెలో వేసి టేపు చుట్టి, పైన పెద్ద అక్షరాలతో గాజు అని రాసి, చెత్త బండి వచ్చినప్పుడు విడిగా చేతికి ఇచ్చి చెప్పు. వాళ్లు మన సంచుల్ని ఉత్త చేతులతోనే విప్పి ఏరుతారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ,
నల్లగొండ