లైనక్స్‌లో వీపీఎన్ సమస్యలు చూసే ఉద్యోగం.. చేరొచ్చా?

ప్రశ్న: ఈ ఏడాది బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాను. హైదరాబాద్‌లోని ఒక కంపెనీలో ఐటీ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచి పనిచేసే డెవలపర్ల లైనక్స్ సిస్టమ్స్‌లో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా కలిపే దారి) సమస్యలు సరిచేయడమే ప్రధానమైన పని. ‘అది హెల్ప్‌డెస్క్, కోడింగ్ కాదు, ఎదుగుదల ఉండదు’ అని నాన్న వద్దంటున్నారు. నాకేమో క్లౌడ్ వైపు వెళ్లాలనుంది. ఏం చేయాలి? – ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: చేరండి. అయితే మీ నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. ‘ఒకసారి రీస్టార్ట్ చేయండి సర్’ అని చెప్పడం, అప్పటికీ కాకపోతే టికెట్‌ను (నమోదైన ఫిర్యాదును) పై టీమ్‌కు పంపేయడం.. ఇంతటితోనే రెండు మూడేళ్లు గడిపేసి, తర్వాత ఎటూ కదల్లేక ఇబ్బందిపడేవాళ్లు ఉన్నారు. అందుకే ఆఫర్‌కు ఓకే చెప్పేముందు కాబోయే టీమ్ లీడ్‌ను ఒక మాట అడగండి: ‘లాగ్‌లు (సిస్టమ్ రాసిపెట్టుకునే నమోదులు) చూసి కారణం నేనే కనుక్కోవచ్చా, స్క్రిప్ట్‌లో ఉన్నది చెప్పి పైకి పంపడమేనా?’ కారణం మీరే వెతికే పనైతే జీతం కాస్త తక్కువైనా వదులుకోవద్దు.

ఎందుకో చెప్తాను. మీకు ఎక్కువగా వచ్చే టికెట్ ఇలా ఉంటుంది: ‘వీపీఎన్ కనెక్టెడ్ అని చూపిస్తోంది, కానీ ఆఫీసు సైట్ ఏదీ ఓపెన్ కావట్లేదు.’ చాలామంది ఇక్కడ డిస్కనెక్ట్ చేసి మళ్లీ కనెక్ట్ చేయిస్తారు. మీరు మాత్రం ముందు ఆఫీసులోని ఏదైనా సర్వర్ ఐపీ అడ్రస్‌కు పింగ్ (అవతలి నుంచి జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పరీక్ష) చేయించండి. జవాబు వచ్చిందంటే టన్నెల్ (వీపీఎన్ వేసిన దారి) బాగానే ఉన్నట్టు, సైట్ పేరు దగ్గర తేడా కొడుతున్నట్టు. అంటే డీఎన్‌ఎస్ (సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చే వ్యవస్థ) సమస్య. ఉబుంటు లైనక్స్‌లో ‘రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్’ కొడితే ఏ ఇంటర్‌ఫేస్‌కు (నెట్‌వర్క్ కనెక్షన్‌కు) ఏ డీఎన్‌ఎస్ సర్వర్ ఉందో కనిపిస్తుంది. ఆఫీసు డీఎన్‌ఎస్ అడ్రస్ టన్నెల్ ఇంటర్‌ఫేస్‌కు అందనేలేదని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

పింగ్‌కే జవాబు రాకపోతే ‘ఐపీ రూట్ గెట్’ తర్వాత ఆ అడ్రస్ ఇచ్చి చూడండి. ప్యాకెట్ ఏ దారిన పోతోందో చెప్పేస్తుంది. ఇంటి రౌటరూ ఆఫీసు నెట్‌వర్కూ రెండూ 192.168.1తో మొదలయ్యే అడ్రసులే వాడుతుంటే, ఆఫీసుకు వెళ్లాల్సిన ప్యాకెట్ ఇంట్లోనే తిరుగుతుండొచ్చు. ఈ ఒక్క విషయం బాగా పట్టుకోండి. రేపు ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్)లో రెండు వీపీసీలను (క్లౌడ్‌లోని ప్రైవేట్ నెట్‌వర్క్‌లను) కలపాల్సి వచ్చినప్పుడు, అడ్రస్ రేంజ్‌లు ఒకదానిమీద ఒకటి పడితే పీరింగ్ (రెండింటినీ నేరుగా కలపడం) అసలు కుదరదు. అక్కడ ఎదురయ్యేదీ ఈ సమస్యే.

మూడో రకం ఇంకా ఇబ్బంది పెడుతుంది. పింగ్ వస్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైల్ పంపితే మాత్రం మధ్యలో ఆగిపోతుంది. ఈథర్నెట్‌లో ప్యాకెట్ పరిమితి మామూలుగా 1500 బైట్లు. వీపీఎన్ తన హెడర్లు కూడా కలపాలి కాబట్టి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాధారణంగా 1420 బైట్లు పెట్టుకుంటుంది. దారిలో ఎక్కడైనా పరిమితి ఆ హెడర్లతో కలిపిన సైజు కన్నా తక్కువుంటే పెద్ద ప్యాకెట్లు చడీచప్పుడు లేకుండా పడిపోతాయి. ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్ సైజు తగ్గించుకుంటూ పోతే ఎక్కడ సరిపోతుందో దొరుకుతుంది. ఆ లెక్కన టన్నెల్ ఎంటీయూ (ప్యాకెట్ పరిమితి) తగ్గిస్తే సరి.

వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన లైనక్స్ 5.6 కెర్నల్ (సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రామ్) నుంచి కెర్నల్‌లోనే భాగం. అయితే వైర్‌గార్డ్‌తో ఒక చిక్కుంది. కీ తప్పైనా, పోర్ట్ బ్లాకైనా అవతలి నుంచి ఒకే రకం మౌనం. సెట్టింగ్స్‌లో స్విచ్ ఆన్‌లో ఉందని నమ్మకండి. ‘డబ్ల్యూజీ షో’లో లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు వైపులా చివరిసారి ఒకదాన్నొకటి గుర్తించిన సమయం) అన్న లైన్ కనిపిస్తోందో లేదో చూడండి.

ఇక ఫెడోరా లైనక్స్‌లో ఓపెన్‌వీపీఎన్ (మరో రకం వీపీఎన్) టెర్మినల్ నుంచి నడుస్తుంది, నెట్‌వర్క్‌మేనేజర్ (నెట్ కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రామ్) నుంచి నడవదు అని ఎవరైనా చెప్తే సర్టిఫికెట్ ఫైళ్లు ఎక్కడున్నాయో అడగండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉంటే ఎస్‌ఈలైనక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్ చదవొచ్చో నియంత్రించే భద్రతా వ్యవస్థ) వాటిని చదవనివ్వకపోవచ్చు. హోమ్‌లో డాట్ సర్ట్ (.cert) ఫోల్డర్‌లోకి మార్చి రిస్టోర్‌కాన్ (ఫైళ్ల భద్రతా లేబుళ్లను సరిచేసే కమాండ్) నడిపితే పని జరుగుతుంది. ఎస్‌ఈలైనక్స్‌నే ఆపేయమని సలహా ఇచ్చే సీనియర్లు తగులుతారు, వినొద్దు. అలాగే యూజర్ల కాన్ఫిగ్ ఫైల్‌ను టికెట్‌లో పెట్టమన్నప్పుడు ప్రైవేట్ కీ తీసేసి పంపమని ప్రతిసారీ చెప్పండి.

రూటింగ్, డీఎన్‌ఎస్, ఫైర్‌వాల్, సర్టిఫికెట్లు, లాగ్‌లు.. క్లౌడ్ ఇంజినీర్ రోజూ తలపడేవి ఇవే. వేలకు వేలు కట్టి ‘క్లౌడ్ ప్లస్ డెవాప్స్’ ప్యాకేజీలో వీడియోలు చూసినవారికి దొరకనిది ఇక్కడ జీతమిచ్చి నేర్పిస్తున్నారు. అందుకే ఇప్పుడు ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ డబ్బు కట్టకండి. జాయినింగ్ లోపు వర్చువల్‌బాక్స్ (ఒకే కంప్యూటర్‌లో వేరే సిస్టమ్స్ నడిపే సాఫ్ట్‌వేర్)లో రెండు ఉబుంటు మెషీన్లు పెట్టి వాటి మధ్య వైర్‌గార్డ్ కలపండి. తర్వాత కావాలని చెడగొట్టండి: ఒక కీ మార్చండి, పోర్ట్ మూసేయండి, డీఎన్‌ఎస్ తీసేయండి. ప్రతిసారీ లక్షణం ఏమిటి, ఏ కమాండ్‌లో దొరికింది, ఎలా సరైంది అని రాసిపెట్టుకోండి. ఈ నోట్స్ తర్వాత ఇంటర్వ్యూలో చాలా పనికొస్తుంది.

నాన్నగారికి కోడింగ్ విషయం కూడా చెప్పండి. పై కమాండ్ల ఫలితాలన్నీ ఒకేచోట తెచ్చిపెట్టే చిన్న బాష్ స్క్రిప్ట్ మొదటి నెలల్లోనే రాయండి, తర్వాత పైథాన్, ఆన్సిబుల్ (సర్వర్ల పనులను ఆటోమేట్ చేసే టూల్). ఏడాది తిరిగాక ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్‌హ్యాట్ లైనక్స్ సర్టిఫికేషన్) పరీక్ష రాయండి. అందులో ఆప్షన్లు టిక్ పెట్టడం ఉండదు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. నెట్‌వర్కింగ్ మీద మనసు పడితే సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్). రెండూ ఒకేసారి పెట్టుకోవద్దు.

ఏడాదిన్నర దాటినా వీపీఎన్ సర్వర్ వైపు పని ఇవ్వకపోతే లైనక్స్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్ ఉద్యోగాలకు అప్లై చేయడం మొదలుపెట్టండి. రెజ్యూమెలో ‘వీపీఎన్ ట్రబుల్‌షూటింగ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, మీరు ఛేదించిన రెండు కేసులను రెండేసి లైన్లలో రాయండి.