స్కుకూజా కోర్టును తీసేయొద్దని జనం ఎందుకు పట్టుబట్టారు?

స్కుకూజా దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు లోపలే ఉన్న ఊరు. పార్కు సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. ఖడ్గమృగాల వేటగాళ్ల కేసులు అక్కడి కోర్టులోనే నడిచేవి. శిక్షల శాతం దాదాపు వందకు వంద అని పేరు. 2019లో ఈ కేసుల్ని పార్కు బయటి మ్హాలా కోర్టుకు మార్చమని ఆ రాష్ట్ర రీజనల్ కోర్టుల అధ్యక్షురాలు ఆదేశించడంతో గొడవ మొదలైంది.

"కోర్టు ఎక్కడుంటే ఏంటి?" అనిపించొచ్చు. వాయిదాలంటే ఏమిటో మనకు తెలియనిదా! ఈ కేసుల్లో ముఖ్య సాక్షులు రేంజర్లు. రాత్రంతా గస్తీ కాసిన మనిషి పొద్దున్నే బండెక్కి దూరంలోని కోర్టుకు వెళ్తే, "లాయరు రాలేదు, వచ్చే నెల రండి" అంటారు. ఆ రోజు అడవిలో ఒక కాపలా తగ్గినట్టే. పైగా రైఫిలు, గొడ్డలి, నరికిన కొమ్ము లాంటి సాక్ష్యాలు ఎన్ని చేతులు మారితే డిఫెన్సు లాయరుకు అన్ని ప్రశ్నలు దొరుకుతాయి. స్కుకూజాలో రోజూ ఇవే కేసులు చూసే ప్రాసిక్యూటరుకు ఆ మెలికలన్నీ కొట్టిన పిండి.

అందుకే పర్యావరణ సంఘాలు, మామూలు జనం కలిసి ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు, పత్రికలకెక్కారు. వాళ్లు అడిగింది ఫలానా తీర్పు ఇవ్వమని కాదు, కోర్టును ఉన్నచోటే ఉంచమని. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే తీర్పు కోసం ఒత్తిడి తెస్తే అది న్యాయవ్యవస్థలో జోక్యమే అవుతుంది. స్కుకూజాలో ఆ తర్వాత కూడా వేట కేసుల్లో శిక్షలు పడుతూనే వచ్చాయి.