జపాన్‌లో చిన్న దీవి మీద మత్స్యకారుల ఊరు అంత కట్టుగా ఎలా ఉంటుంది?

చిన్న దీవిలో అందరూ తెలిసినవాళ్లే కాబట్టి గొడవలుండవు అనుకుంటాం. నిజానికి అక్కడ గొడవొస్తే మొహం చాటేయడానికి కూడా చోటుండదు. తోబా నగరం పరిధిలోని తోషిజిమా దీవిలో దీనికి పనికొచ్చిన పాత పద్ధతి ‘నేయాకో’.

మిడిల్ స్కూల్ అయిపోయిన అబ్బాయిలు, అంటే పదిహేనేళ్లవాళ్లు, కొందరు జట్టుగా ఊళ్లో నమ్మకస్తుడైన ఒకాయన ఇంట్లో పడుకుంటారు. రాత్రి భోజనం సొంతింట్లోనే, పడక మాత్రం అక్కడ. ఆ ఇంటివాళ్లు ‘నేయా ఓయా’, అంటే పడకింటి అమ్మానాన్నలు. కన్నవాళ్లతో అనలేని మాట అక్కడ అనొచ్చు. పెళ్లి విషయంలోనూ వాళ్లే పెద్దదిక్కు. పెళ్లీడు దాటాక జట్టు విడిపోయినా అన్నదమ్ముల వరస జీవితాంతం ఉంటుంది. అర్ధరాత్రి సముద్రంలో ఆపదొస్తే ఒక్క తలుపు కొడితే చాలు, నలుగురైదుగురు కుర్రాళ్లు లేచొస్తారు.

నాకు నచ్చింది ఏంటంటే, ప్రతి కుర్రాడికీ రెండిళ్లు ఉంటాయి. అలాంటి ఊళ్లో రెండు కుటుంబాల మధ్య పంతం ఎక్కువ రోజులు నిలవడం కష్టం.

అయితే ఇది మగపిల్లల వ్యవహారమే. పైగా హైస్కూలు చదువుల వల్ల ఇప్పుడు రోజూ కాకుండా ఎక్కువగా వారాంతాల్లోనే కలుస్తున్నారు. 1985లో తోబా నగరం దీన్ని జానపద సాంస్కృతిక సంపదగా గుర్తించింది.