క్లే పూల లాకెట్ విరిగింది, తప్పెక్కడ?

ప్రశ్న: మేడమ్, నేను మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఉండేది కూకట్‌పల్లిలో. ఏడాదిగా వీడియోలు చూసి పాలిమర్ క్లేతో చెవిపోగులు చేస్తున్నాను, అవి బాగానే వచ్చాయి. బతుకమ్మకి మా వదినకి తెల్ల చామంతి లాకెట్ చేసిచ్చాను. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 130 డిగ్రీలు పెడితే పావుగంటకే రేకుల అంచులు గోధుమరంగులోకి తిరిగాయి, భయమేసి తీసేశాను. మెరుపు కోసం రంగులేని నెయిల్ పాలిష్ వేశాను. వదిన రెండోసారి వేసుకున్నప్పుడు మా అన్నయ్య కూతురు పట్టి లాగితే మూడు రేకులు బిస్కెట్‌లా విరిగాయి. ముట్టుకుంటే జిగురుగా కూడా ఉంది, దుమ్మంతా అంటుకుంటోంది. నాకు అమ్మిన క్లే నకిలీదా? లేక నాకే పనితనం లేదా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: క్లే నకిలీది అయ్యుండదు, మీ చేతికీ లోటు లేదు. లోపల ఉడకలేదు, అంతే. పైన ఎర్రబడింది కదా అని గారెను తొందరపడి తీసేస్తే లోపల పిండి పిండిగా ఉంటుంది చూడండి, మీ చామంతికీ అదే అయింది.

ఇది పేరుకే క్లే, ఇందులో మట్టి ఉండదు. పీవీసీ అనే ప్లాస్టిక్ పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ప్లాస్టిసైజర్, కాస్త రంగు. సరైన వేడి, సరిపడా సేపు తగిలితేనే ఆ పొడి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఒకే ముద్దవుతాయి. వేడి చాలకపోతే చూడ్డానికి గట్టిగానే ఉంటుంది గానీ లాగితే పుటుక్కున విరుగుతుంది. లాడ్ బజార్‌లో లక్కగాజులు చేసేవాళ్లని చూసే ఉంటారు, వాళ్లు లక్కను నిప్పుల సెగకి మెత్తబరిచి పని చేస్తారు, చల్లారితే గట్టిపడుతుంది, మళ్లీ కాస్తే మళ్లీ కరుగుతుంది. మీ క్లే అలా కాదు, ఒకసారి సరిగ్గా కాలాక మళ్లీ పిసికే ముద్ద కాదు. అయితే ఓవెన్‌లోంచి తీసిన వెంటనే కాస్త మెత్తగా వంగుతుంది, అది చూసి కాలలేదని కంగారు పడకండి, చల్లారాక చూడండి.

చెవిపోగులు పల్చగా ఉంటాయి కాబట్టి పావుగంటలో గట్టెక్కాయి. లాకెట్ మందం వేరు. ప్యాకెట్ మీద రాసింది చదవండి, కంపెనీని బట్టి మారుతుంది: ఫీమో సాఫ్ట్‌కి 110 డిగ్రీల దగ్గర అరగంట, స్కల్పీ ప్రీమోకి 130 డిగ్రీల దగ్గర ప్రతి 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట. సరైన వేడి మీద ఇంకో పావుగంట ఎక్కువ ఉంచినా ఏమీ కాదు, తక్కువైతేనే చిక్కు.

ఇక అసలు దొంగ మీ ఓటీజీ డయల్. చిన్న ఓవెన్లలో మీరు 130 పెడితే లోపల 105 ఉండొచ్చు, 160 ఉండొచ్చు, పైగా రాడ్ వెలిగినప్పుడల్లా ఒక్కసారి ఎగుస్తుంది. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనండి, కొత్త రంగుల ప్యాకెట్లు తర్వాత కొనుక్కోవచ్చు. ముందు పదిహేను నిమిషాలు ఖాళీగా వేడిచేయండి. సిరామిక్ టైల్ ముక్క మీద తెల్లకాగితం వేసి దానిమీద పువ్వు పెట్టండి, పైన అల్యూమినియం ఫాయిల్‌ను పువ్వుకి తగలకుండా గుడారంలా కప్పండి. అంచులు మాడింది పై రాడ్ సెగ నేరుగా తగలడం వల్లే. ఒకవేళ నిజంగానే మాడి ఘాటు వాసన వస్తే ఆపేసి, కిటికీలు తెరిచి బయటికి వచ్చేయండి, పీవీసీ మాడితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ పీల్చేది కాదు.

జిగురు సంగతి నెయిల్ పాలిష్‌ది. అందులోని ద్రావకాలు, క్లేలోని ప్లాస్టిసైజర్ ఒకదాన్నొకటి కెలుకుతాయి, వారాలు గడిచినా ఆరదు. రిమూవర్‌తో తుడుద్దామనుకోకండి, ఎసిటోన్ క్లేనే తినేస్తుంది. నీళ్లతో కలిసే వార్నిష్ దొరుకుతుంది, పల్చగా అది వేయండి. నా మటుకు పూలకి మెరుపే వద్దంటాను, నిగనిగలాడే చామంతి ఎక్కడైనా చూశామా?

ఈ లాకెట్‌ను బాగుచేయాలని చూడకుండా కొత్తది చేయండి. ఈసారి వెనక 2, 3 మిల్లీమీటర్ల మందం బిళ్ల ముందు చేసుకోండి. రేకుకి పెసరగింజంత ఉండ చుట్టి, ఒక కొస సన్నగా లాగి, వేలితో అదమండి, అంచు పల్చగా, మొదలు మందంగా ఉండాలి. బయటి వరస రేకులు బిళ్ల మీద పూర్తిగా ఆనాలి, లోపలి వరస వాటి సందుల్లో కూర్చోవాలి. గాల్లో వేలాడే రేకు ఎంత అందంగా ఉన్నా చున్నీకి తగులుకుని ఊడుతుంది, పిల్లలున్న ఇంట్లో అయితే చెప్పక్కర్లేదు. గొలుసు పట్టే తీగను మెలితిప్పి, రెండు పొరల మధ్య పెట్టి మూయండి. క్లే లోహానికి అతుక్కోదు, నున్నటి తీగ జారి వచ్చేస్తుంది. జంప్ రింగులు (లాకెట్‌ను గొలుసుకి తగిలించే చిన్న రింగులు), గొలుసులు బేగంబజార్‌లో ఇమిటేషన్ నగల సామాన్లు అమ్మే షాపుల్లో చూడండి.

తెలుపు కష్టమైన రంగు, చేతి మురికీ కనిపిస్తుంది, మాడినా కనిపిస్తుంది. వచ్చే బతుకమ్మకి తంగేడు చేసి చూడండి, రేకులు ఐదే, పసుపు కాబట్టి కొంచెం ఎర్రబడినా కలిసిపోతుంది. ఎండాకాలంలో చేస్తే ముద్ద వేళ్లకి అంటుకుంటుంది, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. కాల్చని క్లేను గట్టి పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలో దాచకండి. నేనలా దాస్తే డబ్బా అడుగు మెత్తబడి క్లేకి అతుక్కుపోయింది. అడుగున త్రికోణం గుర్తులో 5 అంకె (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ అని అర్థం) ఉన్న డబ్బా అయితే పర్లేదు.

ప్రశ్న: మా ఇంట్లో ఓవెన్ లేదు. కేక్ చేసినట్టు కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చొచ్చా?
– మలక్‌పేట నుంచి ఒకరు

జవాబు: వద్దు. కేకుకి 170 డిగ్రీలైనా నష్టం లేదు, ఈ క్లేకి ఆ వేడి ఎక్కువ, మంట తగ్గించినా కుక్కర్‌లో ఎంతుందో మీకు తెలియదు. పైగా రేపు అదే కుక్కర్‌లో పప్పు వండాలి. మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ (వేడిగాలితో ఓవెన్‌లా కాల్చే పద్ధతి) ఉంటే ఆ మోడ్‌లో కాల్చొచ్చు, ఉత్త మైక్రోవేవ్ మోడ్‌లో పెట్టకండి. అదీ లేకపోతే ఎయిర్ డ్రై క్లే కొనుక్కోండి, నీడన రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది. ఆరేటప్పుడు కాస్త కుంచించుకుపోతుంది కాబట్టి రేకులు కొంచెం పెద్దవే చేయండి, నీళ్లు, చెమట తగలకుండా రెండు వైపులా వార్నిష్ వేయండి.