గుట్టుగా అంటే రహస్యంగా అనేనా?

‘గుట్టు’ అంటే రహస్యమేగా, మరి ‘రహస్యంగా సంసారం చేసుకుంటోంది’ అంటే ఎబ్బెట్టుగా ఎందుకుంటుంది అని అడిగారు. ఎబ్బెట్టే మరి! అలా అంటే వాళ్ళకసలు పెళ్ళయిందా లేదా అని అనుమానం వస్తుంది. ‘గుట్టుగా సంసారం చేసుకుంటోంది’ అంటే మాత్రం మెచ్చుకోలు.

మా చిన్నప్పుడు విశాఖలో, అల్లిపురంలో ఉండేవాళ్ళం. ఎదురింటాయనకు జీతాలు ఆగిపోయాయి. ఓరోజు వాళ్ళింటికి చుట్టాలొస్తే ఆవిడ గ్లాసు కొంగు చాటున పెట్టుకుని మా పెరటి గుమ్మంలోకి వచ్చి పంచదార పట్టుకెళ్ళింది. నేను నోరు తెరవబోతే అమ్మ కసిరింది: ‘గుట్టుగల మనిషిరా, నువ్వు ఊరంతా టముకెయ్యకు.’ నిజానికి ఆ సంగతి వీధిలో తెలియనిదెవరికి? ఎవరూ పైకి అనేవారు కాదు, అంతే. నాకు తోచిన తేడా ఇక్కడే ఉంది. రహస్యం నలుగురికీ తెలిస్తే ఇక రహస్యం కాదు. గుట్టు నలుగురికీ తెలిసినా నిలుస్తుంది, ఎవరో ఒకరు నోరు జారేదాకా. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్నదీ అందుకే.

తర్వాత ఇక్కడే ఓ పత్రిక డెస్కులో పనిచేశాను. క్రైమ్ పేజీలో ఇదే మాట తిరగబడుతుంది. గంజాయి ‘గుట్టుగా’ తరలుతుంది, పేకాట శిబిరం ‘గుట్టు రట్టు’ అవుతుంది. ప్రాస కలిసింది కదా, హెడ్డింగులో ఇమడకుండా ఎలా ఉంటుంది! ఇంటికి వాడితే పరువు, వ్యాపారానికి వాడితే నేరం.

నేవీ వార్తలకు ఆ మాట ముట్టుకునేవాళ్ళం కాదు. అణు జలాంతర్గామి అరిహంత్ ఇక్కడే తయారై 2009 జులై 26న జలప్రవేశం చేసింది. దాన్ని ‘గోప్యంగా’ నిర్మించారనే రాయాలి. ‘గుట్టుగా కట్టారు’ అంటే ప్లాను లేని మేడలా వినిపిస్తుంది.

‘గుంభనం’ కూడా అడిగారు. అది మనిషి వాలకానికి సంబంధించిన మాట. అన్నీ తెలిసీ ఏమీ ఎరగనట్టు కూర్చున్నవాణ్ణి ‘గుంభనంగా ఉన్నాడు’ అంటాం. ఎన్నికల ముందురోజుల్లో ఇలాంటివాళ్ళు ఎక్కువ కనిపిస్తారు. వాళ్ళ మధ్య కుదిరేది మాత్రం ‘లోపాయికారీ ఒప్పందం’. అక్కడ గుట్టూ గోప్యం రెండూ అతకవు.