పందెంలో వాటానా, చేబదులా?

ప్రశ్న: నేను ప్రైవేటు కంపెనీ ఉద్యోగిని. ఐపీఎల్ వచ్చిందంటే మా విభాగంలో చాలామంది ఫాంటసీ టీములు (యాప్‌లో నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని, డబ్బు పెట్టి ఆడే పోటీకి) కట్టేవారు. అందులో దిట్ట అని పేరున్న సహోద్యోగి ఒకరు 2024 మార్చి చివరి నుంచి మే వరకు పలు విడతల్లో నా దగ్గర రూ.2,40,000 యూపీఐ ద్వారా తీసుకున్నాడు. గెలిస్తే సగం వాటా ఇస్తానని, గెలిచినా ఓడినా అసలు మాత్రం అడిగినప్పుడు ఇచ్చేస్తానని వాట్సాప్‌లో రాశాడు. నోటు రాయించుకోలేదు. 2025 జనవరిలో రూ.30,000 తిరిగి వేశాడు. ఇప్పుడు, ఇద్దరం కలిసి ఆడాం, పోయింది అంటున్నాడు. నాకు చెప్పకుండా పెద్ద బహుమతి గెలిచాడని కూడా విన్నాను. పదేళ్ల స్నేహం ఇలా అయింది, ఇంట్లో రోజూ గొడవలే. వాటా మెసేజులు తీసేసి, అతని తండ్రి ఆపరేషన్‌కు ఇచ్చినట్టు దావా వేయమని ఒక మిత్రుడు చెబుతున్నాడు. ఫోన్ కూడా త్వరలో మార్చబోతున్నాను. చీటింగ్ కేసు పెట్టవచ్చా? నా వాటా వస్తుందా?

జవాబు: పదేళ్ల స్నేహం గురించి మీరు చాలా రాశారు గానీ, కోర్టుకు దానితో పని లేదు. ఇక్కడ తేల్చవలసిన అంశం ఒక్కటే. టీము ఓడిపోయినా మీ డబ్బు తిరిగి ఇవ్వవలసిన బాధ్యత అతనిపై ఉందా, లేదా? ఉంటే అది చేబదులు. గెలిస్తేనే ఇవ్వాలన్నది ఒప్పందమైతే అది పందెంలో మీరు పెట్టిన వాటా. ‘గెలిచినా ఓడినా అసలు మాత్రం అడిగినప్పుడు ఇచ్చేస్తా’ అని అతను రాసిన వాక్యాన్ని మీరు మాటవరసకు ప్రస్తావించి వదిలేశారు. మీ ఉత్తరం మొత్తంలో దావాకు పనికివచ్చేది ఆ వాక్యమే.

ముందుగా వాటా ఆశ వదులుకోండి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, పందెంలో గెలిచినట్టు చెప్పే సొమ్ము కోసం దావా వేయడం కుదరదు. ఫాంటసీ క్రీడ నైపుణ్యానికి సంబంధించినదని, జూదం కాదని పంజాబ్, హర్యానా హైకోర్టు 2017లో చెప్పిన మాట నిజమే, మరికొన్ని హైకోర్టులూ ఆ దారిలోనే నడిచాయి. అయినా రావలసిన అసలును ఆ వాదం మీద ఆధారపడేలా చేసుకోవడం అవివేకం. నోటీసులో అసలుతో పాటు బహుమతిలో సగం కూడా అడిగారంటే, ఇద్దరం కలిసి ఆడామన్న అతని వాదనకు మీ సంతకంతోనే బలం చేకూర్చినవారవుతారు.

ఇక మీ మిత్రుడి సలహా. దాన్ని పాటించవద్దు. మీ ఫోన్‌లో చెరిపిన మెసేజులు అతని ఫోన్‌లో భద్రంగా ఉంటాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతని న్యాయవాది వాటిని మీ ముందు పెట్టిన క్షణం నుంచి మీ నిజమైన మాటలను కూడా ఎవరూ నమ్మరు. కోర్టులో తెలిసి తప్పుడు సాక్ష్యం చెబితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షను కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు, సాక్ష్యం కాకుండా చేయడానికి ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం వేరే నేరం. పైగా ఈ సాహసమంతా అనవసరం. వ్యాపారానికి అప్పిచ్చిన వ్యక్తి లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన భాగస్వామి అయిపోడని భాగస్వామ్య చట్టం, 1932లోని 6వ సెక్షను చెబుతుంది. ఫాంటసీ ఆట వ్యాపారం కాకపోయినా, వాటా మాట ఉన్నంత మాత్రాన అప్పు అప్పు కాకుండా పోదని వాదించడానికి ఆ సూత్రం ఆసరా అవుతుంది. మీరు చెరపాలనుకున్న మెసేజు మీ కేసును ముంచదు, చెరపడమే ముంచుతుంది.

ఇంత రాసి, ఏ రాష్ట్రంలో ఉంటున్నారో మాత్రం రాయలేదు. ఇది చిన్న విషయం కాదు. పందెం ఒప్పందం చెల్లనిదే గానీ చట్టవిరుద్ధం కాదని, కాబట్టి దానికి అనుబంధంగా జరిగిన లావాదేవీ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1959లో ఘెరూలాల్ పరఖ్ కేసులో చెప్పింది. అయితే ఆ ఆటనే చట్టం నిషేధించినప్పుడు, తెలిసి దానికి అప్పివ్వడం, చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం చెల్లదనే కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను పరిధిలోకి వచ్చే ప్రమాదం ఉంది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. పేరున్న యాప్‌లు ఈ రెండు రాష్ట్రాలవారిని డబ్బు పోటీల్లోకి రానిచ్చేవి కావు. మీరిద్దరూ ఇక్కడే ఉండి, అతను మరో చిరునామా చూపి ఆడిన సంగతి మీకు తెలిసి ఉంటే దావా బలహీనపడుతుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా లేకుండా డబ్బు ఆటలన్నిటినీ నిషేధించింది. మీరు డబ్బు ఇచ్చింది అంతకుముందే కనుక ఆ అభ్యంతరం మీకు రాదు.

కాలపరిమితి విషయంలో చాలామంది పొరపడతారు. అడిగినప్పుడు ఇవ్వవలసిన అప్పుకు మూడేళ్ల గడువు అడిగిన రోజు నుంచి మొదలవుతుందనుకుంటారు. లిమిటేషన్ చట్టం, 1963 ప్రకారం అది అప్పిచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. మీవి విడివిడి బదిలీలు కనుక దేని గడువు దానిదే. మొదటి విడతకు 2027 మార్చి చివరలోనే కాలదోషం పడుతుంది. రూ.30,000 తిరిగి వేశాడు కాబట్టి కొత్త గడువు వచ్చిందని ధీమాగా ఉండవద్దు. 19వ సెక్షను ఆ చెల్లింపుకు అతని చేతిరాతలో గానీ, సంతకంతో గానీ ఆధారం ఉండాలంటుంది, యూపీఐ బదిలీ ఒక్కటే ఆ పరీక్షకు నిలుస్తుందా అన్నది వాదనకు తావిచ్చే అంశం. కాబట్టి మొదటి విడత తేదీనే ఆఖరి గడువుగా లెక్కించుకోండి.

చీటింగ్ కేసు నిలవాలంటే డబ్బు తీసుకునే నాటికే ఎగవేసే ఉద్దేశం ఉందని చూపాలి. కొంత తిరిగి ఇచ్చిన మనిషిపై అది చూపడం కష్టం, పోలీసు స్టేషను వసూళ్ల కార్యాలయం కాదు.

రెండు లక్షలకు పైగా ఇస్తూ ఒక కాగితం రాయించుకోకపోవడం క్షమించరాని అజాగ్రత్త. ఇప్పుడు ఫోన్ కూడా మార్చబోతున్నారు. ఆ పని వెంటనే ఆపండి. వాట్సాప్‌లో మెసేజులు వాటంతటవే మాయమయ్యే సెట్టింగ్ ఉందేమో చూసి తీసేయండి, మొత్తం సంభాషణను ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి. ముందువెనుకలు లేని స్క్రీన్‌షాట్లకు విలువ తక్కువ. ప్రింట్లు దాఖలు చేసేటప్పుడు అవి ఫోన్‌లోని రికార్డు నుంచే తీసినవని ధ్రువీకరిస్తూ భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోన్ మీ వద్ద ఉంటే ఆ పని తేలికవుతుంది. ప్రతి విడత తేదీ కనిపించేలా బ్యాంకు నుంచి ధ్రువీకరించిన స్టేట్‌మెంట్ తీసుకోండి.

ఆ తర్వాత న్యాయవాది ద్వారా రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, మిగిలిన రూ.2,10,000 అసలును మాత్రమే అడగండి. రాజీకి వస్తే ఆ రోజు తేదీతోనే ప్రామిసరీ నోటు రాయించుకోండి. పాత తేదీ వేయవద్దు. కొత్త నోటు గడువును కాపాడుతుందే గానీ నిషిద్ధమైన ఆటకిచ్చిన అప్పును సక్రమం చేయదని కూడా తెలుసుకోండి. నోటు రాయనంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (దావాకు ముందే రాజీ కోసం) దరఖాస్తు పెట్టండి. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు (రాజీ ఉత్తర్వుకు) సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. మీరు రెండు తెలుగు రాష్ట్రాలలో ఒకదానిలో ఉన్నట్లయితే దావా కంటే ఈ మార్గమే మేలు. రాజీ మాటలు సాగుతున్నాయని గడువు ఆగదు గనుక, 2026 డిసెంబరు నాటికి డబ్బు చేతికి రాకపోతే సివిల్ కోర్టులో దావా దాఖలు చేయండి.